అందరి గుడ్లూ బొల్లిపెట్ట కిందే

మా వీధిలో కోళ్ళు లేని ఇల్లు లేదు. కానీ కుదురుగా కూర్చుని పొదిగే కోడి ఉన్న ఇల్లు మాదొక్కటే. అది మా అత్తయ్య బొల్లిపెట్ట. ఒళ్ళంతా నలుపు, మెడ చుట్టూ తెల్లమచ్చలు, చూపు మాత్రం అచ్చం మా అత్తయ్యదే. ఎవరు ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే రకం కాదు. నేను కుట్టుమిషను దగ్గర కూర్చుంటే వచ్చి, కత్తిరించి పెట్టిన గుడ్డ మీద రెట్ట వేసి, నా వంక ఒక చూపు చూసి మరీ వెళ్ళేది. నేను చీపురు విసిరితే అత్తయ్య కోడిని వదిలేసి నన్ను తిట్టేది.

మిగతా ఇళ్ళ కోళ్ళు గుడ్లు పెట్టేవి గానీ వాటి మీద నిలిచేవి కావు. నాలుగు రోజులు కూర్చుని, విసుగొచ్చి, చెత్తకుప్ప మీదికి షికారు పోయేవి. అందుకని వీధిలో ఒక పద్ధతి ఏర్పడింది. బొల్లిపెట్టకు పొదుగు పట్టిందని తెలియగానే తలా కొన్ని గుడ్లు తెచ్చి మా అత్తయ్య చేతిలో పెట్టేవారు. ఏ గుడ్డు ఎవరిదో తెలియడానికి ఆవిడ బొగ్గుముక్కతో గుర్తులు పెట్టేది. ఇస్త్రీ పిన్ని గుడ్ల మీద గీత, వడ్రంగి మామయ్య గుడ్ల మీద సున్నా, రొట్టెల బట్టీలో పనిచేసే బాబాయి గుడ్ల మీద చుక్క. మావాటికి గుర్తు ఉండేది కాదు. మన ఇంట్లో మనకు గుర్తెందుకు అనేది అత్తయ్య. ఎవరి గుడ్డు మురిగిపోతే వాళ్ళ వాటా అంత తగ్గేది, మిగిలిన గుడ్డు మీద గుర్తు చూసి ఆవిడ చెబితే ఎవరూ కాదనేవారు కాదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పిల్లలు పెరిగి, తల్లి వాటిని పొడిచి తరిమేసేదాకా అన్నీ మా పెరట్లోనే ఉండాలి. తల్లి తరిమాకే ఎవరి పిల్లలు వాళ్ళింటికి. అంతకు ముందు ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఎవరూ రాసి సంతకాలు చెయ్యలేదు, ఎవరూ దాటనూ లేదు. చిన్నపిల్లలు కూడా గుమ్మం దగ్గర నిలబడి, ఆ పసుపుపచ్చది మాది, ఈ చారలది మాది అని వేలితో చూపించుకుని వెళ్ళిపోయేవారు.

మా ఆయన పశువుల ఆసుపత్రిలో అటెండరు. ఏడాదికోసారి పెట్టె భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి కోళ్ళకు టీకాలు వేసేవాడు. అందుకే వీధంతా ఆయన్ని సూదాయన అని పిలిచేది. కోడి తూలుతున్నా, తుమ్మినా, మేత ముట్టకపోయినా మా తలుపే కొట్టేవారు. అన్నం ముందునుంచి లేచి వెళ్ళేవాడు. "ఊళ్ళో కోళ్ళన్నిటికీ నువ్వే మేనమామవా?" అని నేను దెప్పేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. పొద్దున్నే వీధిలో నడిచి వెళ్తుంటే రెండు వైపుల నుంచీ పలకరింపులే. ఆ పలకరింపులంటే ఆయనకు ప్రాణం. జీతం ఒకరోజు ఆలస్యమైనా ఓర్చుకునేవాడు గానీ, ఎవరైనా చూసి చూడనట్టు పోతే ఆ పూట ముద్ద దిగేది కాదు.

చలికాలం మొదట్లో ఊరి చివర కోళ్ళ ఫారంలో జబ్బు పడింది. ఒక్కరాత్రిలో షెడ్లు షెడ్లే ఖాళీ అయ్యాయన్నారు. అది మనుషులకూ అంటుకునే జబ్బు అన్నారు. ఫారం చుట్టుపక్కల వీధుల్లో ఒక్క కోడి కూడా మిగలకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పనికి ఆసుపత్రి మనుషులనే వేశారు. మా వీధి తెలిసినవాడు గదా అని మా వీధి మా ఆయనకే ఇచ్చారు.

ఆ సమయానికి బొల్లిపెట్ట గుడ్ల మీద ఉంది. కూర్చుని సగం కాలం దాటింది. వారం ముందే మా ఆయన టార్చి వెలుతురులో ఒక్కొక్క గుడ్డూ పట్టి చూసి, లోపల సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తున్నాయని అత్తయ్యకు చెప్పాడు. ఆ రోజు ఇద్దరూ ఎంత మురిసిపోయారో.

ఆసుపత్రి వాళ్ళు పొద్దున్నే వచ్చారు. నలుగురూ తెల్లటి ప్లాస్టిక్ దుస్తులు, మూతికి గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. నలుగురిలో మా ఆయన ఎవరో నడకను బట్టి తెలుసుకున్నాను. డాక్టరు వీధిలో జీపు పక్కన నిలబడి కాగితాలు చూసుకుంటున్నాడు. ఒక చేత్తో కోడిని పట్టడం, ఇంకో చేత్తో మెడ తిప్పడం, గోనెసంచిలో వేయడం. అంతే పని. కోళ్ళకు తొడుగులేం తెలుస్తాయి, ఆ చెయ్యి తెలుసు. మా ఆయన వంగి చెయ్యి చాపితే కొన్ని పారిపోకుండా దగ్గరకే వచ్చాయి. మిగతా ముగ్గురూ తరుముతూ ఆయాసపడుతుంటే ఆయన సంచే ముందు నిండింది.

ఇస్త్రీ పిన్నికి ఒక ఎర్ర పుంజు ఉండేది. మొగుడు పోయినప్పటినుంచీ దాన్ని పెంచుతోంది. ఇస్త్రీ బల్ల కిందే పడుకునేది. ఆవిడ దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని, "దీన్నొక్కదాన్ని వదిలెయ్ అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది. దీనికేం జబ్బు లేదు, నువ్వే సూది వేశావు కదా" అంది.

"నా చేతిలో లేదు పిన్నీ" అన్నాడు మా ఆయన.

"నీ చేతిలో కాకపోతే ఎవరి చేతిలో ఉంది? ఆ చేతులెవరివి?"

ఆయన పుంజును ఆవిడ చేతుల్లోంచే తీసుకున్నాడు. పుంజు అరిచింది. ఆ అరుపు సగంలో ఆగిపోవడం వీధంతా విన్నది.

మా ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఉన్నవాటిని ఆయనే పట్టాడు. బొల్లిపెట్ట గంప ఖాళీగా బోర్లించి ఉంది. అత్తయ్య స్నానాల గది పక్కన పాతసామాన్ల కొట్టు గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎన్నడూ లేనిది, పప్పులో రాళ్ళు ఏరుతోంది. చేటలో పప్పు గట్టిగా నాలుగు గుప్పిళ్ళు కూడా లేదు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ప్రతి గుమ్మంలోనూ అడిగిన మాటే, అదే గొంతుతో.

"ఏం లేవు" అంది అత్తయ్య, తలెత్తకుండా.

ఆయన ఆ ఖాళీ గంప వంక చూశాడు. వాళ్ళమ్మ వంక చూశాడు. వీధిలోకి తిరిగి, "అయిపోయాయి సార్" అన్నాడు. ఆ మాటతో ఉద్యోగం తీసి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆ నిమిషంలో నాకు తెలిసింది.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "ఆయన ఉద్యోగం పోతే నీ కోడి పెడుతుందా తిండి? జబ్బు అంటుకుంటే ఎవరు దిక్కు? తెలిసే చేశావా, తెలియక చేశావా?"

"నా గుడ్లైతే నేనే పగలగొట్టేదాన్ని అమ్మాయ్" అంది ఆవిడ. "నలుగురూ నమ్మి ఇచ్చినవి. కోళ్ళెలాగూ పోయాయి. ఇవి కూడా పోతే వాళ్ళ ముఖాలెలా చూడను?"

ఆవిడ ఒళ్ళో గుడ్లు వేసుకుని పరుగెత్తిన హడావిడిలో బొగ్గు గుర్తులన్నీ చెరిగిపోయాయి. గీతా లేదు, సున్నా లేదు, చుక్కా లేదు. చెరిగితే చెరిగాయి, ప్రాణం ఉంటే చాలనుకున్నాం.

పొదిగే కోడి మూగది. అదే మమ్మల్ని కాపాడింది. చీకటి కొట్టులో చెక్కపెట్టెలో గడ్డి మీద రాయిలా కూర్చునేది. రోజుకొకసారి లేచి, గింజలు తిని, నీళ్ళు తాగి, ముక్కు బద్దలయ్యే కంపుతో ఒక పెద్ద రెట్ట వేసి మళ్ళీ ఎక్కి కూర్చునేది. ఆ రెట్టను నేను కాగితంలో చుట్టి, కుట్టుగుడ్డల ముక్కల మధ్య దాచి పారబోసేదాన్ని. కోళ్ళంటే గిట్టని నాకు దేవుడిచ్చిన శిక్ష అనుకున్నాను.

వీధి మూగబోయింది. తెల్లవారి కూత లేదు, గింజల కోసం కొట్లాట లేదు, గుడ్డు పెట్టానని ఊరంతా చాటుకునే అల్లరి లేదు. "నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా" అని మనం ఎగతాళిగా అంటాం. తెల్లవారుతుంది, నిజమే. కానీ తెల్లవారినట్టుండదు. మా ఆయన వీధిలో నడిచి వెళ్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకునేవి. సూదాయన అన్న పేరు పోయింది. గోనెసంచి అని పెట్టారు. "గోనెసంచి వస్తోంది, లోపలికి రండర్రా" అని పిల్లలను పిలుచుకునేవారు. ఆయన వినిపించుకోనట్టే నడిచేవాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కునేవాడు. సబ్బు అరిగిపోయేది గానీ కడగడం అయ్యేది కాదు. కంచం ముందు కూర్చుని, చేతివేళ్ళ వంక చూసి లేచిపోయేవాడు.

ఒకసారి నేను కొట్టులోకి వెళ్ళేసరికి ఆయన పెట్టె పక్కన గొంతుక్కూర్చుని బొల్లిపెట్ట పొట్ట కింద చెయ్యి పెట్టి ఉన్నాడు. అది చెయ్యి మీద పొడుస్తోంది. రక్తం వస్తున్నా తీయడం లేదు.

"పొడవనీ" అన్నాడు. "ఇదొక్కటే నేను చంపనిది."

నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి తీయకుండానే చెప్పాడు. "ఇవి పిల్లలై, పెరిగి, ఏ ఇంటివి ఆ ఇంటికి చేరాలి. నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. తీసుకున్న చేత్తోనే ఇస్తాను. అప్పుడు మళ్ళీ ఈ వీధిలో తలెత్తుకుని నడుస్తాను. అంతదాకా ఎవరికీ తెలియకూడదు."

ఆయన ఆశ అంతా ఆ పెట్టెలో ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఉద్యోగం భయం ఎక్కడికో పోయింది. ఈ పిల్లలు బతక్కపోతే ఈ మనిషి బతికి కూడా లేనట్టే అని భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ దిక్కుమాలిన కోడికి నేనే నీళ్ళు మార్చాను.

గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. కొన్ని గుడ్లు మాత్రం కదలకుండా అలాగే ఉండిపోయాయి. అత్తయ్య పెంకులన్నీ ఏరి పొయ్యిలో వేసి కాల్చేసింది, చెత్తలో ఎవరి కంటా పడకుండా. మురిగిన గుడ్లను ఎక్కడ పారేసినా కంపు పట్టిస్తుందని, ఇక వాటిని పెట్టెలోనే ఓ మూలకు నెట్టింది.

గండం అప్పుడు మొదలైంది. పొదిగే కోడి మూగదే గానీ పిల్లల కోడి మూగది కాదు. అది లొట్టలు వేసినట్టు పిలుస్తూనే ఉంటుంది, ఇవి కీచుకీచుమంటూనే ఉంటాయి. పక్షి గొంతు లేని వీధిలో ఆ సన్నటి అరుపు సూదిలా గుచ్చుకునేది. నాకు తోచిన ఉపాయం ఒక్కటే. కుట్టుమిషను తీసుకెళ్ళి కొట్టు గోడకు ఆనించి వేసుకున్నాను. పిల్లలు అరిచినప్పుడల్లా మిషను తొక్కేదాన్ని. కుట్టడానికి గుడ్డ ఉన్నా లేకపోయినా తొక్కేదాన్ని. దిండు గలీబులకు వేసిన కుట్టు మీదే మళ్ళీ కుట్టు వేశాను. ఒక గలీబు నాలుగు వైపులా కుట్టేసి, దిండు దూరే దారి లేదని తర్వాత చూసుకున్నాను. మోకాళ్ళు వాచిపోయాయి. "కోడలు బాగా సంపాదిస్తోంది" అని వీధిలో అనుకున్నారట.

ఇస్త్రీ పిన్ని ఇచ్చిన గలీబులవి. ఆవిడ వాటి కోసమే వచ్చింది. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, "అయ్యాయా?" అని అడిగింది. పుంజు పోయిన రోజు నుంచి మాతో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు.

"ఒక్క కుట్టు పిన్నీ, అయిపోయింది" అని మిషను తొక్కుతున్నాను. గోడ అవతల ఒకటే గోల. ఇంకా జోరుగా తొక్కాను. ఆ జోరుకు దారం తెగింది. మిషను ఆగింది.

కీచు, కీచు, కీచు.

ఆవిడ ముఖం నేను మరిచిపోలేను. ముందు ఒక వెలుగు వచ్చింది. చచ్చిపోయిన మనిషి గొంతు విన్నట్టు తల అటు తిప్పింది. తర్వాత ఆ వెలుగు పోయి, ఆ స్థానంలో ఇంకేదో వచ్చింది. గలీబులు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

"పిన్నీ, మీవి కూడా ఉన్నాయి, మీ గుడ్లే" అని నేను వెనకనుంచి అంటూనే ఉన్నాను. వినలేదు.

పొద్దు వాలుతుండగా గుడ్లు ఇచ్చిన ముగ్గురూ వచ్చారు. వెనక వాళ్ళ ఇళ్ళవాళ్ళు. అత్తయ్య ఎదురెళ్ళి సంతోషంగానే పిలిచింది, పాపం. కొట్టు తలుపు తీసి చూపించింది. "చూడండర్రా, మీకోసమే దాచాను. ఎంత ముద్దుగా ఉన్నాయో."

"మా కోళ్ళ మెడలు విరిచి, మీ కోడిని దాచుకున్నారన్న మాట" అన్నాడు వడ్రంగి మామయ్య. "నీ కొడుకు మా గుమ్మంలో నిలబడి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. మేం ఉన్నవన్నీ తెచ్చి ఇచ్చాం. అలాగే మీ ఇంట్లో అడగలేదా?"

"అడిగాడు. నేనే అబద్ధమాడాను."

"అబద్ధమని వాడికి తెలియదా?"



"ఫిర్యాదు చెయ్యం" అన్నాడు బట్టీ బాబాయి. "మా గుడ్లకు మా పిల్లలను ఇచ్చెయ్. తీసుకుపోతాం."

"ఇప్పుడా?" అత్తయ్య పెట్టెకు అడ్డం వచ్చింది. "తల్లి ఇంకా తరమలేదు. ఈ చలికి తల్లి రెక్క లేకపోతే ఒక్క పూట ఉండవు. ఇది నేను మీకు చెప్పాలా? తల్లి తరిమేదాకా ఆగండి నాయనా, మీకు దణ్ణం పెడతాను."

"కట్టుబాటు మాకేనా?" అంది ఇస్త్రీ పిన్ని. "నేను కూడా ఆగమనే అడిగాను. ఎవరైనా ఆగారా?"

అప్పుడే మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాడు. జనాన్ని చూసి గుమ్మంలో నిలబడిపోయాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. నేనైతే తిడతారని, కొడతారని అనుకున్నాను. ఇస్త్రీ పిన్ని రెండు చేతులూ దోసిలి పట్టి ముందుకు చాపింది.

"నా గుడ్లు నావి. ఇచ్చెయ్."

ఆయన కొట్టులోకి వెళ్ళాడు. ఒక్కొక్క పిల్లనూ తల్లి రెక్కల కిందనుంచి తీసి, దోసిళ్ళలో పెట్టాడు. బొల్లిపెట్ట చేతులు చీరేసింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. దాంట్లో ఒక ఆశ ఉంది. తీసుకున్న చేత్తోనే ఇస్తున్నాను, ఇక చెల్లుకు చెల్లు అన్న ఆశ. "పిన్నీ, బల్బు కింద పెట్టండి. మామయ్యా, నేల మీద వదలకండి, గుడ్డ వేయండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. వాళ్ళు దోసిళ్ళు మూసుకుని పక్కకు జరిగారు.

వాటా దగ్గర మళ్ళీ తకరారు వచ్చింది. పిల్లలు తక్కువ, గుడ్లు ఎక్కువ. మురిగినవి ఎవరివి?

"పెట్టెలో ఉన్నవాటి మీద గుర్తు చూడండి" అన్నాడు వడ్రంగి మామయ్య. తీసి చూశారు. గుర్తులు లేవు. "గుర్తు లేనివి మీవే కదా. ఎప్పుడూ అదే కదా లెక్క" అన్నాడు.

చెరిగిపోయాయని అత్తయ్య చెప్పింది. ఆవిడ మాటకు ఏ రోజూ ఎదురు చెప్పని వీధి అది. ఆ రోజు అందరూ గోడ వంక చూశారు. మురిగినవన్నీ మావి అయ్యాయి. బతికినవన్నీ వాళ్ళ దోసిళ్ళలో వెళ్ళిపోయాయి. ఆ పిల్లలకు అన్యాయం చేస్తున్నామని వాళ్ళకు తెలుసు. పుట్టిన దగ్గరనుంచీ కోళ్ళ మధ్య పెరిగినవాళ్ళు, తెలియకపోవడమేమిటి? తెలిసే తీసుకున్నారు. మాకు లేనిది మీకెందుకుండాలి అని తీసుకున్నారు. ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు.

బొల్లిపెట్ట పెట్టె దిగి వీధిలోకి పరుగెత్తింది. ఎవరూ ఆపలేదు, ఇక దాచడానికేముంది? ఇంటింటి ముందూ ఆగి పిలిచింది. లోపలినుంచి పిల్లలు పలికాయి. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఇంకొకటి. అది ఎటు వెళ్ళాలో తెలియక వీధి మధ్యలో గిరగిరా తిరిగింది. గుమ్మంలోకి దూరబోతే ఎవరో చీపురుతో తోశారు. నేను చూడలేకపోయాను. తలుపులు కొట్టాను.

"మీ పిల్లలు మీవే. రాత్రికి తల్లి కింద ఉండనివ్వండి. కావాలంటే కోడినే మీ ఇంట్లో పెట్టుకోండి."

"ముందు వాళ్ళను ఇమ్మను, మేం ఇస్తాం" అన్నారు బట్టీ బాబాయి ఇంట్లో.

"బట్టీ వాళ్ళిస్తే మాకేం అభ్యంతరం?" అన్నారు వడ్రంగి ఇంట్లో.

ఇస్త్రీ పిన్ని తలుపు తీయనే లేదు. లోపలినుంచే అంది. "నా పుంజు అరిచినప్పుడు మీ ఆయన చెవులేమయ్యాయి?"

చీకటి పడేవేళకు అత్తయ్య కోడిని పట్టుకొచ్చి పెట్టెలో వేసింది. అది మూలనున్న మురిగిన గుడ్లను ముక్కుతో పొట్ట కిందికి లాక్కుని వాటి మీద కూర్చుంది. మా ఆయన గుమ్మం దగ్గర కూర్చుని వింటూనే ఉన్నాడు. తెల్లవార్లూ వీధిలో కీచుమన్న గొంతులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

తెల్లవారింది. ఆయన లేచి, పెరట్లో గోడకు తగిలించిన గోనెసంచి తీశాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"చచ్చినవాటిని చెత్తలో పారేస్తే కుక్కలు పీకుతాయి. డాక్టరుకు తెలిస్తే వీధి మొత్తం మీద కేసులు పెడతారు. గోతిలో సున్నం వేసి పూడ్చాలి" అన్నాడు. పని చెబుతున్న గొంతు. నేను సున్నం బకెట్టు పట్టుకుని వెనకే వెళ్ళాను. ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు.

వడ్రంగి మామయ్య తలుపు తీసి, లోపలికి వెళ్ళి, చెక్కపొట్టు పోసిన అట్టపెట్టె తెచ్చాడు. పొట్టులో పిల్లలు ఒకదానికొకటి అతుక్కుని చచ్చి ఉన్నాయి. మా ఆయన సంచి మూతి తెరిచాడు.

"ఇంకేమైనా ఉన్నాయా?"

మామయ్య తల అడ్డంగా ఊపాడు. తలుపు మూసుకున్నాడు. బట్టీ బాబాయి ఇంట్లో ఆయన లేడు, తెల్లవారుజామునే పనికి పోయాడు. వాళ్ళావిడ కాగితంలో చుట్టి ఇచ్చింది. "పొయ్యి పక్కనే పెట్టామయ్యా" అంటూ కళ్ళు తుడుచుకుంది. అక్కడ కూడా ఆయన అదే మాట అడిగాడు. ఆ మాట మానేసి ఇంకో మాట అడిగితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది గానీ, ఆ గోనెసంచి చేతిలో ఉంటే ఇంకే మాట వస్తుంది?

ఇస్త్రీ పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. పెందలాడే ఇస్త్రీ పెట్టె వెలిగించినట్టుంది, లోపలినుంచి బొగ్గుల వేడీ, వేడెక్కిన తడిబట్టల వాసనా వస్తున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన పళ్ళెంలో చచ్చిన పిల్లలున్నాయి, శుభ్రమైన గుడ్డ కప్పి. మా ఆయన వంగి ఒక్కొక్కటే సంచిలో వేశాడు.

"ఇంకేమైనా ఉన్నాయా పిన్నీ?"

"ఏం లేవు" అంది ఆవిడ. తల ఎత్తలేదు. కాళ్ళు ఇంకాస్త చాపి గుమ్మానికి అడ్డం పెట్టింది.

తలుపు వెనక కీచుమంది.

ఒక్కటే గొంతు, నీరసంగా. ఇస్త్రీ చేసిన వెచ్చటి బట్టలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి కప్పుతూ రాత్రంతా కాపాడుకున్నట్టుంది. ఇటివ్వు పిన్నీ, తల్లి కింద పెడతాం అని అనబోయాను. ఆవిడ నా వంక చూడటం లేదు. మా ఆయన చేతుల వంకే చూస్తోంది. ఆ చేతులు ఏ క్షణాన లేస్తాయోనని చూస్తోంది.

మా ఆయన ఆ తలుపు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. "సరే పిన్నీ, అయిపోయాయి" అన్నాడు. సంచి మూతి కట్టి వెనక్కి తిరిగాడు.

సున్నం చల్లి, గోతి పూడ్చి వచ్చాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నేనే అడిగాను. "చెప్పి తీసుకురావాల్సింది కదా? తల్లి కింద పెట్టడానికేనని, చంపనని చెప్పాల్సింది కదా?"

"నన్ను చూసి దాచింది" అన్నాడు. "మా అమ్మ కూడా నన్ను చూసే దాచింది." అని చెంబు కింద పెట్టి, అక్కడే తడినేల మీద కూలబడి ఏడ్చాడు. ఇన్నాళ్ళకు ఏడ్చాడు. అత్తయ్య వచ్చి తల నిమరబోతే చెయ్యి తోసేశాడు.

నేను కొట్టులోకి వెళ్ళాను. బొల్లిపెట్ట మురిగిన గుడ్ల మీద రాయిలా కూర్చుని ఉంది. జన్మలో మొదటిసారి దాన్ని చంకలో పెట్టుకున్నాను. పొడిచింది, పొడవనిచ్చాను. ఇస్త్రీ పిన్ని గుమ్మం మూసి ఉంది. కోడిని మెట్టు మీద దింపి, తలుపు ఒక్కసారి తట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. మా కిటికీలోంచి చూస్తే అది తలుపు ముందు నిలబడి పిలుస్తోంది. చాలాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. కోడి దూరింది. తలుపు మూసుకుంది.

ఆ పిల్ల బతికింది. ఇప్పుడు పిన్ని గడప ముందు ఎండలో తల్లి వెంట తిరుగుతోంది. ఎర్రటి పుంజుపిల్ల. వీధిలో అందరూ చూస్తారు, ఎవరూ పైకి చెప్పరు. ఈ ఒక్క విషయంలో వీధంతా ఒక్కటైంది.

మా ఆయన మాత్రం ఇప్పుడు ఆసుపత్రికి వీధిలోంచి వెళ్ళడం లేదు. పెరటి గోడ దాటి, మురుగుకాలువ పక్కనుంచి, బట్టీ వెనకగా చుట్టు తిరిగి వెళ్తున్నాడు. "ఎన్నాళ్ళీ చుట్టుదారి? తప్పు నీ ఒక్కడిదేనా? ఎవరు తింటారు నిన్ను?" అని మొన్న నేను కసిరాను.

"నా చెప్పుల చప్పుడు వింటే పిన్ని పరుగెత్తుకొచ్చి రెండిటినీ లోపల వేసి తలుపేస్తోంది" అన్నాడు. "పొద్దుటి ఎండ పిల్లకు మంచిది. తగలనీ." అని గోడ దాటాడు.